తెల్ల పడవ మీద నల్ల ముళ్ళు

శవం ఇనుప మెట్ల కింద ఉంది.

బోర్లా పడి ఉంది. తల చివరి మెట్టుకు తగిలింది. ఒక కాలికి చెప్పు ఉంది. రెండో చెప్పు మెట్ల మధ్యలో ఇరుక్కుని ఉంది. వేళ్ళకు ప్రింటర్ ఇంకు మరకలు ఇంకా వదల్లేదు.

ఇన్‌స్పెక్టర్ వంగి మొహం చూసింది.

ఆ మొహం ఆమెకు తెలుసు. ల్యాబ్ బాబాయ్. ఈ మెట్లు ఎక్కితే వచ్చే ఫోటో ల్యాబ్ ఆయనదే. ఊళ్ళో కెమెరా పట్టిన ప్రతివాడికీ ఆయన బాబాయే. ఒకప్పుడు ఆదివారం క్లాసులకని ఆమె కూడా ఈ మెట్లు ఎక్కింది.

"జారి పడ్డాడంటారా మేడమ్?" హెడ్ కానిస్టేబుల్ అడిగాడు. రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి. చచ్చినవాళ్ళంతా జారిపడే చచ్చారంటే ఆయనకు ప్రాణానికి హాయి.

"కళ్ళజోడు ఏది?"

కింద వెతికారు. లేదు. పైన, ల్యాబ్ గుమ్మం లోపల దొరికింది. ఒక అద్దం పిండి అయిపోయింది. ఎవరిదో బూటు దాని మీద పడింది.

"కళ్ళజోడు పైన తొక్కించుకుని, ఆ తర్వాత తీరిగ్గా వచ్చి జారిపడ్డాడంటావా?"

హెడ్ నిట్టూర్చి నోట్‌బుక్ తీశాడు.

ల్యాబ్‌లో పెనుగులాట గుర్తులు పెద్దగా లేవు. స్టూలు పడి ఉంది. ప్రింటర్ ఆన్‌లోనే ఉంది. కంప్యూటర్ పక్క రేకు మాత్రం ఊడదీసి ఉంది. లోపల హార్డ్ డిస్క్ ఉండాల్సిన చోట ఖాళీ.

"దొంగతనమా?"

"బల్ల మీద మూడు కెమెరాలు ఉన్నాయి. గోడకు లెన్సుల బీరువా ఉంది. అవన్నీ వదిలేసి పాత డిస్క్ పీక్కుపోయే దొంగ ఎవడయ్యా?"

కింది అంతస్తు దర్జీని పిలిచారు. మెడలో టేపు తీయకుండానే వచ్చాడు.

"చప్పుడు ఎప్పుడు విన్నారు?"

"రేడియోలో ఐదున్నర వార్తలండి. ముఖ్యాంశాలు చదువుతుంటే దబ్బున పడింది. ఏదో మూట పడేశారనుకున్నా."

"వెళ్ళి చూడలేదే?"

"ఒళ్ళో కోటు ఉంది. అయినా ఫోటోల వాళ్ళ చప్పుళ్ళకు లెక్కేముందండి. ఇవాళ మధ్యాహ్నం ఇంతకంటే పెద్ద గొడవే అయ్యింది."

"ఏం గొడవ?"

"అల్లుడు వచ్చాడు. 'ఈ కొట్టు మీరు మూస్తారా, నన్ను మూయించమంటారా' అని అరిచాడు. బిల్డింగు మొత్తం విన్నది."

ఆ రాత్రి అల్లుడు లాకప్‌లో పడుకున్నాడు.

*

మర్నాడు పొద్దున్నే కూతురు స్టేషన్‌కు వచ్చింది. చిన్నపిల్లల బడిలో టీచరు. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"మా ఆయన అరిచాడు, నిజమే. ఆయనవన్నీ తాటాకు చప్పుళ్ళు మేడమ్. అరిచినవాళ్ళంతా చంపేస్తే ఊళ్ళో మనుషులు మిగలరు."

"అరిచి ఎక్కడికి వెళ్ళాడు?"

"కోపం వస్తే నడుస్తాడు. కాళ్ళు నొప్పెట్టేదాకా నడిచి ఇంటికొస్తాడు. నిన్నా అంతే."

"ఎవరైనా చూశారా?"

"రోడ్డు మీద నడిచేవాణ్ణి ఎవరు చూస్తారు?"

"కొట్టు ఎందుకు మూయమన్నాడు?"

"నాన్న కళ్ళు పోతున్నాయి. స్క్రీన్ ముందు కూర్చోవద్దని డాక్టర్ ఖరాఖండిగా చెప్పాడు. నాన్న వింటేగా. 'ఈ ఎగ్జిబిషన్ ఒక్కటీ కానివ్వండర్రా. ఆ రోజు నలుగురి ముందూ ఒక మాట చెప్పాలి. చెప్పేసి మూసేస్తా' అన్నారు."

"ఏం మాట?"

"చెప్పలేదు."

"ఎవరి ఎగ్జిబిషన్?"

కూతురు వింతగా చూసింది. "మాస్టారిది. ఇంకెవరిది? ఆయన ప్రింట్లన్నీ నాన్నేగా తీసేది."

మాట్లాడుతూ ఆమె చెవి దుద్దును తిప్పుకుంటోంది. పాతకాలం దుద్దు. మూడు రాళ్ళకు ఒకటి ఊడిపోయింది. దాన్ని ఎక్కడో చూసినట్టు ఇన్‌స్పెక్టర్‌కు అనిపించింది. గుర్తు చేసుకునేలోపు ఫోన్ మోగింది.

డీఎస్పీ. "అల్లుడి మీద కేసు బలంగానే ఉందిగా? అరెస్టు ఇవాళ్టి తేదీతో రాసి, రేపు మధ్యాహ్నం కోర్టులో పెట్టండి."

"ఇంకొక్కరితో మాట్లాడాలి సార్."

"మాట్లాడండి. రేపు మధ్యాహ్నం మాత్రం మారదు."

కూతురికి అటువైపు మాటలు వినపడ్డాయి. ఆమె లేచి నిలబడింది.

"నాన్న పోయారు. ఇప్పుడు ఈయన్ని తీసుకుపోతారు. నాకు మిగిలేది ఎవరు మేడమ్?"

ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనక్కి జరిపి లేచి, టోపీ అందుకుంది.

*

మాస్టారు గ్యాలరీలో ఉన్నాడు. గోడల నిండా ఆయన ఫోటోలు. అన్నీ ఒకే తరహావి: ఒకదానిలో ఒకటి కలిసిపోయిన రెండు మూడు దృశ్యాలు. మనిషి మొహంలో అడవి. అడవి నడుమ కిటికీ. కిటికీలో సముద్రం. డబుల్ ఎక్స్‌పోజర్లు.

"ఇవేం ఫోటోలు మేడమ్," హెడ్ గొణిగాడు. "మనిషి నెత్తిన చెట్టు, చెట్టు కడుపులో పడవ. నా పెళ్ళి ఫోటో ఇట్లా వచ్చుంటే స్టూడియోవాడి పీక పట్టుకునేవాణ్ణి."

మాస్టారి పేరు చెప్పగానే జనం చెప్పుకొనేవి రెండు. ఒకటి, కంప్యూటర్ ముట్టడు. ఒకే ఫిల్మ్ ముక్క మీద రెండుసార్లు బటన్ నొక్కి, బొమ్మను కెమెరాలోనే కలుపుతాడు. రెండు, ఒక్క ప్రింట్ తీసి నెగెటివ్ కాల్చేస్తాడు. "ఒక బొమ్మకు ఒకటే బతుకు" అన్న ఆయన మాట పేపర్లలో ఎన్నిసార్లు పడిందో. ఇన్‌స్పెక్టర్ దాన్ని తన డైరీ మొదటి పేజీలో రాసుకుంది కూడా.

"అమ్మాయ్," అన్నాడు మాస్టారు. కళ్ళు తుడుచుకున్నాడు. "నా కుడి చెయ్యి పోయింది."

ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ చూసే నెత్తురూ ఏడుపులూ తలలో తిరిగి నిద్ర పట్టేది కాదు. అప్పుడు ఈయన క్లాసులే ఆమెను నిలబెట్టాయి. లోకంలో చూడదగ్గవి ఇంకా ఉన్నాయని నమ్మించిన మనిషి.

"ఆయన ఏదో చెప్పాలనుకున్నారట, ఎగ్జిబిషన్ రోజు."

"రిటైరవుతానని చెప్పి ఉంటాడు. పాపం."

"అందర్నీ అడిగేదే, మిమ్మల్నీ అడగాలి. నిన్న సాయంత్రం..."

"ఐదున్నరకు రేవులో ఉన్నాను." ప్రశ్న ఇంకా పూర్తి కాలేదు. "కొత్త ఫెర్రీ నిన్నే మొదటిసారి రేవుకొచ్చింది కదా. అదిగో చూడు."

చూపించిన చోట పెద్ద ప్రింట్ వేలాడుతోంది. సాయంత్రపు నల్లటి నీళ్ళు. నీళ్ళ మీద తెల్లగా మెరిసిపోతున్న కొత్త పడవ. పడవ పక్కభాగమంతా పరుచుకుని రేవు గడియారం. ముళ్ళు ఐదూ ముప్పైఅయిదు చూపిస్తున్నాయి.

"రెండు క్లిక్కులూ ఒకే ఫ్రేములో. మధ్య నిమిషం కూడా లేదు. రాత్రి ఇంట్లోనే కడిగి ప్రింట్ తీశాను. వాడికి చూపిద్దామనుకున్నాను."

"నెగెటివ్?"

"నా సంగతి తెలుసుగా అమ్మాయ్."

తెలుసు. ల్యాబ్ నుంచి రేవుకు ముప్పావుగంట దారి. ఆ పడవ నిన్నటికి ముందు రేవులో లేదు. ఆ గడియారం ఆ వేళ చూపుతుండగా ఈయన దాని ఎదుట ఉంటే, ల్యాబ్‌లో ఉండే వీలే లేదు. రేవులో విచారించారు. పడవ రాత్రి ఏడింటిదాకా కట్టేసే ఉంది. మాస్టారు అక్కడ తిరగడం చాలామందే చూశారు. కాకపోతే అందరూ చెప్పేది ఆరున్నర ప్రాంతం. అంతకుముందు సంగతి ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది," దారిలో హెడ్ అన్నాడు. "మీరు టైము అడగనేలేదు. ఆయనే చెప్పేశాడు."

"దర్జీ ఊరంతా చెప్పాడుగా ఐదున్నరని." ఆమె కసురుకుంది.

*

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళింది. గోడ మీద మాస్టారు ఇచ్చిన ఫోటో ఉంది. కోర్సు పూర్తయిన రోజు సంతకం పెట్టి ఇచ్చాడు. పక్కకు తిరిగిన ఒక ఆడమనిషి మొహం, దాని లోపల సరస్సు, ఎగిరే కొంగలు. "పడవలో ఎదురుపడ్డ మనిషి. ఎవరో తెలియదు. దిగి వెళ్ళిపోయింది. ఒక్క క్లిక్కు దొరికింది" అని కథ చెప్పాడు. ఆ కథను ఆమె వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఈమధ్య మాత్రం ఆ ఫోటో వైపే చూడటం లేదు. రోజూ కళ్ళెదుట ఉండేదాన్ని ఎవరు చూస్తారు?

అన్నం కలుపుకుంటూ, గ్యాలరీలో ఫోన్‌తో తీసుకున్న రేవు ఫోటో చూసింది. అందంగా ఉంది. తెల్ల పడవ మీద నల్లటి ముళ్ళు ఎంతో స్పష్టంగా ఉన్నాయి.

ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది.

ఒక ఆదివారం గుర్తొచ్చింది. మాస్టారు వెలుగు గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఎవరో వస్తే బయటికి వెళ్ళాడు. మిగతా క్లాసు ల్యాబ్ బాబాయ్ చెప్పాడు. చెప్పడమంటే, కంప్యూటర్ ముందు కూర్చుని చేసి చూపించడం. ఒక ఫోటో మీద ఇంకో ఫోటోను లేయర్‌గా పెట్టాడు. మెనూలో ఒకటి నొక్కాడు.

"ఇది స్క్రీన్. దీంట్లో తెలుపు గెలుస్తుంది. నలుపు మాయమవుతుంది. ఇది మల్టిప్లై. దీంట్లో నలుపు గెలుస్తుంది, తెలుపు మాయం. ఏది ఎక్కడ గెలవాలో తెలిస్తే బొమ్మ కలిసినట్టే."

"మరి ఫిల్మ్‌లో బాబాయ్?" అడిగింది ఆమే.

"ఫిల్మ్‌లో ఎప్పుడూ తెలుపే గెలుస్తుందమ్మా. వెలుగు ఒకసారి పడ్డాక వెనక్కి తీయలేం. నిండిన చెంబులో ఇంకేం పోస్తావు? నలుపు గెలవాలంటే కంప్యూటర్ కావాల్సిందే."

ఇన్‌స్పెక్టర్ చెయ్యి కడుక్కుంది. తను చూసింది తప్పయితే బాగుండునని ఉంది. మళ్ళీ చూసింది. తప్పు కాదు.

నన్నెంత వెర్రిదాన్ని చేశాడు, అనుకుంది. కోపం కంటే ముందు సిగ్గేసింది.

*

మర్నాడు ఉదయం గ్యాలరీలో ఆరుగురు ఉన్నారు. మాస్టారు. గ్యాలరీ మేనేజర్. కూతురు. హెడ్ పక్కన, రెండు రాత్రులు నిద్రలేని అల్లుడు. మధ్యలో ఇన్‌స్పెక్టర్.

"ఇది ఎందుకమ్మాయ్? పదకొండింటికి ఓపెనింగ్," అన్నాడు మాస్టారు.

"పది నిమిషాల పని మాస్టారూ. ఈ రేవు ఫోటో కెమెరాలోనే కలిపారా?"

"నా ఫోటోలన్నీ కెమెరాలోనే."

"ఫిల్మ్ మీద?"

"ఫిల్మ్ మీద."

"కంప్యూటర్‌లో ఏ మార్పూ చేయలేదు?"

"స్కాన్ చేసి ప్రింట్ తీశాను, అంతే. ఎన్నిసార్లు అడుగుతావు?"

"ఇదే చివరిసారి."

ఆమె మేనేజర్‌కు సైగ చేసింది. హాల్లో రెండు ప్రొజెక్టర్లు ఉన్నాయి. ఆయన దీపాలు ఆర్పి ఒకటి వేశాడు. నిన్న సాయంత్రం ఇన్‌స్పెక్టర్ తీసుకొచ్చిన రేవు గడియారం ఫోటో గోడ మీద పడింది. నల్లటి ముళ్ళు కొట్టొచ్చినట్టు కనపడ్డాయి.

"ఇది ఒక క్లిక్కు. ఇప్పుడు దీని మీద తెల్ల పడవ."

రెండో ప్రొజెక్టర్ నుంచి తెల్లటి వెలుగు అదే చోట పడింది. ముళ్ళు వెలిసిపోయాయి. కళ్ళు చికిలించి చూస్తే కనపడీ కనపడకుండా ఉన్నాయి.

"గోడ మీద ఆ మాత్రమైనా మిగిలాయి. ఫిల్మ్ మీద అదీ మిగలదు. పడవ తెలుపుతో ఆ భాగం నిండిపోతుంది. గడియారం ముళ్ళు నలుపు. నలుపంటే వెలుగు లేకపోవడం. లేనిది వచ్చి ఉన్నదాన్ని ఎలా చెరుపుతుంది?"

"ముందు గడియారం తీసి, తర్వాత పడవ తీస్తే?" మేనేజర్ అడిగాడు.

"ఏది ముందైనా అంతే. ముళ్ళున్న చోట మిగిలిన ఖాళీని పడవ నింపేస్తుంది."

"ఎక్స్‌పోజర్ తగ్గించి తీశాను," మాస్టారు అన్నాడు.

"తగ్గిస్తే పడవ బూడిదరంగుకు దిగాలి. ఇక్కడ కాగితమంత తెల్లగా ఉంది. ముళ్ళేమో కాటుకలా ఉన్నాయి. ఇది మల్టిప్లై మాస్టారూ. కంప్యూటర్‌లో కలిపారు. కంప్యూటర్‌లో కలిపితే గడియారం ఏ రోజుదైనా కావచ్చు. మీ దగ్గర దాని పాత ఫోటోలు ఎన్నో ఉంటాయి. ఆరు దాటాక రేవుకెళ్ళి పడవ ఒక్కటే తీసుకొచ్చారు."

మేనేజర్ దీపాలు వేశాడు. మాస్టారు నవ్వబోయాడు.

"ఇరవై ఏళ్ళుగా డబుల్ ఎక్స్‌పోజర్లు తీస్తున్నవాణ్ణి. ఆ మాత్రం తెలియదా నాకు?"

"నేనూ రాత్రంతా అదే అనుకున్నాను." ఇన్‌స్పెక్టర్ గోడ మీది ప్రింట్ దగ్గరికి వెళ్ళింది. "ఫిల్మ్ మీద ఒక్కసారి తీసినవాడైనా ఈ తప్పు చేయడు. గడియారాన్ని నల్లటి నీళ్ళ మీద పెడతాడు. తెల్లటి గడియారం అక్కడ చక్కగా కూర్చుంటుంది. మీకు ఆ సంగతి తెలియలేదు. ముళ్ళు కనపడాలి, టైము కనపడాలి, అదొక్కటే మీ బాధ. స్క్రీన్ మోడ్‌లో కనపడకపోతే మల్టిప్లై నొక్కారు. మీకెందుకు తెలియలేదంటే, మీరు ఒక్క డబుల్ ఎక్స్‌పోజర్ కూడా తీయలేదు."

మేనేజర్ మాస్టారి వైపు తిరిగాడు.

"ఫోటోలు మీరు విడివిడిగా తీసేవారు. కలిపింది ల్యాబ్ బాబాయ్. అన్నీ కంప్యూటర్‌లోనే. లేయర్లతో ఉన్న ఫైళ్ళన్నీ ఆ డిస్క్‌లో ఉన్నాయి. అందుకే డిస్క్ పోయింది. నెగెటివ్ కాల్చేస్తానని మీరు ఎందుకు చెప్పేవారో కూడా ఇప్పుడు అర్థమైంది. లేనిదాన్ని చూపించమంటే ఎక్కడి నుంచి తెస్తారు?"

"రుజువేది?"

"మీ కెమెరా బ్యాగ్ తెరవండి."

"ఎందుకు?"

"ఆ డిస్క్ మీరు చెరువులో పడేసి ఉంటే ఈ కేసు ఇక్కడే ఆగేది. పడేయలేరు. ప్రింట్ కాని బొమ్మలు ఇంకా దాంట్లో ఉన్నాయి. కొత్తవి చేసిపెట్టే మనిషి ఇక లేడు."

హెడ్ బ్యాగ్ తెరిచాడు. లెన్సుల కింద, మడతపెట్టిన నల్ల వెల్వెట్ గుడ్డలో డిస్క్ ఉంది. ల్యాబ్ బాబాయ్ చేత్తో అంటించిన తెల్ల చీటీ ఇంకా దాని మీదే ఉంది.

కూతురు ఆ చీటీ మీది అక్షరాలు చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అల్లుడు ఆమె పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. హెడ్ ఆపలేదు.

మాస్టారు కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"ఆ బొమ్మలు కెమెరాలో కలిపినవి కావని ఓపెనింగ్‌లో చెబుదామన్నాడు," అన్నాడు చివరికి. "కళ్ళు పోయేలోపు అబద్ధం దించుకోవాలట. వద్దన్నాను. బతిమాలాను. వాడు తలుపు వైపు నడిచాడు. చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకున్నాడు. నెట్టాను."

"తన పేరు వేయమన్నారా?"

"లేదు."

"ఒక్కసారి కూడా?"

"ఎప్పుడూ అడగలేదు." ఆయన తల ఎత్తలేదు. "నాకు కనపడేది అమ్మాయ్. ఏది దేంట్లో కలవాలో నాకు కనపడేది. చెయ్యడమే వచ్చేది కాదు."

అది కూడా నిజమో కాదో ఆమెకు తెలియదు. ఈయన చెప్పినవాటిలో ఏది నిజమో ఇక ఎప్పటికీ తెలియదు.

"ఏరు దాటి తెప్ప తగలేశాడు," జీపు ఎక్కిస్తూ హెడ్ అన్నాడు. ఈసారి ఇన్‌స్పెక్టర్ కసురుకోలేదు.

*

వారం తర్వాత ఒక సాయంత్రం కూతురు ఇన్‌స్పెక్టర్ ఇంటికి వచ్చింది. థాంక్స్ చెప్పి వెళ్దామని. అల్లుడు కింద స్కూటర్ మీద ఉన్నాడు, పైకి రావడానికి మొహమాటపడ్డాడు.

"గ్యాలరీవాళ్ళు నాన్న పేరుతో పెడతామన్నారు మేడమ్. డిస్క్‌లో అన్నీ దొరికాయట. ఏ బొమ్మలో ఏయే ఫోటోలు కలిపారో అన్నీ విడివిడిగా ఉన్నాయట."

"మంచిది. నా దగ్గర కూడా ఒకటుంది. మాస్టారు ఇచ్చాడు. అదీ మీ నాన్నదే అయి ఉంటుంది. తీసుకెళ్ళండి."

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి ఫ్రేము దించింది. దుమ్ము తుడిచి చేతికిచ్చింది. ఇచ్చేముందు, ఎన్నాళ్ళకో, తనూ ఒకసారి చూసింది. ఆడమనిషి మొహం. సరస్సు. కొంగలు. చెవికి దుద్దు. మూడు రాళ్ళకు రెండే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ కూతురి చెవి వైపు చూసింది.

కూతురు ఫ్రేము పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వేలితో అద్దం మీద ఆ బుగ్గ తడిమింది.

"దీని గురించి మాస్టారు మీకేం చెప్పారు?" అడిగింది మెల్లగా.

"పడవలో ఎదురుపడిందట. ఎవరో తెలియదన్నాడు."

"ఆయన మా ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశారు మేడమ్. ఎదురుగా కూర్చుని కొసరి కొసరి వడ్డించేది." కూతురు ఫ్రేమును గుండెకు ఆనించుకుంది. "ఇది మా అమ్మ."